గడప దాకా వచ్చిన నెట్టు గదిలోకి ఎందుకు రాదు?

ఈసారి నేను రాసేది భాష గురించి కాదు, తీగ గురించి. నెట్టు తీగ. "ఈయనకి ఇదెందుకు?" అనుకునేవాళ్ళు కాస్త ఓపిక పట్టండి, రెండూ ఒకచోట కలుస్తాయి.

పోయిన ఆదివారం మన పిల్లల ఆన్‌లైన్ తెలుగు తరగతిలో పంతులుగారు మహాప్రాణాలు చెబుతున్నారు. "బ వేరు, భ వేరు. బాష కాదమ్మా, భాష" అంటున్నారు. ఒక పాప "తాతా, నాకు రెండూ ఒకటే వినబడుతున్నాయి" అంది. ఆయన మళ్ళీ చెప్పారు. మళ్ళీ అదే మాట. నాలుగోసారి ఆయన నోరు తెరిచిన బొమ్మ అలాగే నిలబడిపోయింది. తరగతిలో పది నిమిషాలు గాలికి పోయాయి. సాయంత్రం పాప వాళ్ళ నాన్న గ్రూపులో రాశాడు, ఈ నెట్టు కంపెనీ దండగ, మార్చేస్తున్నానని. ఏడాదిలో అతను మార్చబోయేది మూడో కంపెనీ.

ఇక్కడ ఒక్క మాట. బడిలో తమిళంలో చదువుకునే మన పిల్లలకు క, ఖ, గ, ఘ అన్నింటికీ ఒకటే అక్షరం. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక మన వైపు బడుల్లో తెలుగుకు చోటు ఎలా తగ్గుతూ వచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. కాబట్టి ఆ ఊపిరి తేడాను వాళ్ళు చెవితోనే పట్టుకోవాలి. నెట్టు తడబడినప్పుడు ముందు పోయేది సరిగ్గా ఆ ఊపిరే. మాట అర్థమవుతుంది, "భ" మాత్రం "బ" అయి వస్తుంది. సినిమా చూసేవాడికి ఇది తెలియదు, ఎందుకంటే సినిమా ముందుగానే కొంత దింపుకుని పెట్టుకుంటుంది. మాటామాటా నడిచే తరగతికి ఆ వెసులుబాటు లేదు.

నేను ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. (అతని అనుమతితోనే రాస్తున్నా, పేరు రాయను. చదివి నవ్వుకుంటూనే ఉంటాడు.) కొత్త ఇల్లు, కింద ఒకటి, పైన రెండు మిద్దెలు. హాల్లో గ్రానైటు, దేవుడి గదికి చెక్కిన టేకు తలుపు. నెట్టు పెట్టె ఎక్కడుందంటే కింద, వాకిలి పక్కన, చెప్పుల అరలో! ఫైబరు తెచ్చిన కుర్రాడు తనకు దగ్గరగా ఉన్న చోట మేకు కొట్టి పోయాడు. దాని పక్కనే నిలబడి కొలిస్తే 100 ఎంబీపీఎస్ ప్లానుకు 90 పైనే వస్తోంది. రెండో మిద్దె మీద పాప గదిలో మూడు. అది కూడా ఒకసారి వచ్చి ఒకసారి పోతోంది. కంపెనీ తప్పేముంది? నెట్టు గడప దాకా శుభ్రంగానే వచ్చింది. లోపలికి రాలేకపోయింది.

ఎందుకు రాలేదంటే, మనం కట్టుకునేవి అలాంటి ఇళ్ళు. వైఫై అంటే రేడియో తరంగమే. 2.4 గిగాహెర్ట్జ్‌ది గోడల్లోంచి కొంత దూరం పోతుంది కానీ నిదానం, పైగా చుట్టుపక్కల ఇళ్ళన్నీ అందులోనే తోసుకుంటూ ఉంటాయి. 5 గిగాహెర్ట్జ్‌ది వేగం ఎక్కువ, గోడ దాటే శక్తి తక్కువ. తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఒకటి దాటేసరికి సగం నీరసపడుతుంది. ఇనుప కడ్డీలు పరిచిన స్లాబు రెండు దాటాలంటే ఇక చెప్పేదేముంది. మధ్యలో ఇనుప బీరువా, నిలువుటద్దం ఉంటే అదింకో అడ్డు. మన తాతల మట్టి గోడల పెంకుటిళ్ళలో అయితే బాగా పనిచేసేదేమో, పాపం అప్పుడు వైఫై లేదు.

ప్రభుత్వాలు తమ వంతు తీగ లాగుతూనే ఉన్నాయి. మన రాష్ట్రంలో భారత్‌నెట్ కింద 12,525 గ్రామ పంచాయతీలకు ఫైబరు చేర్చే పని పెట్టుకున్నారు. గీతకు అవతల నగరిలో మా చెల్లెలు వాళ్ళ వీధిలో ఆంధ్రా ఫైబర్‌నెట్ వాళ్ళు కరెంటు స్తంభాల మీదుగా తీగ తెచ్చారు, మొదట్లో నెలకు 149 రూపాయలకే ఇచ్చారు. (1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చినప్పుడు మా తాత అనేవాడట, "గీత మారింది గానీ బంధువులు మారలేదు కదా" అని. ఆ బంధువులతో మాట్లాడేది ఇప్పుడు ఈ తీగల మీదే.) ఎక్కడెక్కడి నుంచో అంత దూరం వచ్చిన తీగకు మన ఇంట్లో ముప్పై అడుగులు దారి ఇవ్వలేకపోతున్నాం. ఆ ముప్పై అడుగులు ఏ ప్రభుత్వమూ వేయదు. అది ఇంటివాడి పని.

ఇది నీతులు చెప్పడానికి కాదు. నేనే పెద్ద తప్పు చేసి ఉన్నాను.

2014లో మా ఇల్లు కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్ తమ్ముడు "అన్నా, నెట్టు వైరు కూడా లాగేద్దామా?" అని అడిగాడు. అడిగినందుకే మెచ్చుకోవాలి. నేను ఊళ్ళో ఒక కొట్టుకు వెళ్ళి, ఉన్నవాటిలో చవకైన చుట్ట కొనుక్కొచ్చాను. పెట్టె మీద "క్యాట్ 6" అని పెద్దక్షరాలు. అతను దాన్ని కరెంటు వైర్లు పోయే పైపులోనే కలిపి లాగేశాడు. ఇంకో పైపంటే మళ్ళీ గోడకు గాడి కొట్టాలి, పూత అయిపోయింది, "పర్వాలేదులే" అన్నాను. ఆ "పర్వాలేదులే" ఖరీదు తర్వాత తెలిసింది. మొదటి రోజు నుంచీ వేగం 94 దగ్గర ఆగిపోయేది. రెండేళ్ళకు పై గదిలో పూర్తిగా చచ్చిపోయింది. మార్చుదామని లాగితే తెగింది, సగం ముక్క పైపులోనే ఉండిపోయింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

బయటికొచ్చిన ముక్కను కత్తితో గీకి చూశాను. పైన రాగి రంగు, లోపల తెల్లగా మెరుస్తోంది. అల్యూమినియం మీద రాగి పూత. దీన్ని సీసీఏ అంటారు. మన పొదటూరుపేట, పళ్ళిపట్టు వైపు మగ్గం సభ్యులకు ఇది నేను చెప్పాలా? అసలు జరీ ఏదో నకిలీ జరీ ఏదో గీకి చూసి చెప్పే చేతులు మనవి. నూలును వేళ్ళ మధ్య నలిపి కౌంటు చెప్పేస్తాం. వైరు దగ్గరికొచ్చేసరికి పెట్టె మీది అక్షరాలు చదివి డబ్బులిచ్చేస్తాం.

అల్యూమినియంలో కరెంటు పారే గుణం రాగిలో సుమారు 60 శాతమే. దూరం పెరిగేకొద్దీ సంకేతం బలహీనపడుతుంది. వంచితే తొందరగా విరుగుతుంది. కొనల దగ్గర గాలి తగిలి తుప్పు పొర కడుతుంది. ఇంకా ముఖ్యమైనది, ఈ రోజుల్లో సీసీ కెమెరాలకీ, సీలింగు వైఫై పెట్టెలకీ కరెంటు కూడా ఇదే వైరులో పంపిస్తాం, దాన్ని పీఓఈ అంటారు. సీసీఏలో అలా పంపితే వైరు ఎక్కువ వేడెక్కుతుంది, అవతలి పెట్టెకు చాలినంత అందదు. అసలు క్యాట్ 6 ప్రమాణం అడిగేదే పూర్తి రాగి. కాబట్టి సీసీఏ చుట్ట మీద "క్యాట్ 6" అని రాయడమే అబద్ధం. కొట్లో నిలబడి చేయగల పరీక్షలు రెండున్నాయి. ఒకటి గీకి చూడటం. రెండోది బరువు: పూర్తి రాగి 305 మీటర్ల పెట్టె చేతికి గట్టిగా బరువు తగులుతుంది, అల్యూమినియం పెట్టె తేలిగ్గా లేస్తుంది. గీకనివ్వని కొట్టులో కొనకండి.

ఇంకో సంగతి మగ్గం వాళ్ళకు సులభంగా ఎక్కుతుంది. వైరు మందానికి ఏడబ్ల్యూజీ అని ఒక లెక్క. నూలు కౌంటు లాగే, అంకె పెరిగేకొద్దీ సన్నం. 23 అంటే 24 కంటే లావు. లోపల ఎనిమిది తీగలు, నాలుగు జంటలు, ఒక్కో జంటకు ఒక్కో రకం పురి. ఆ పురి అలంకారానికి కాదు. బయటి గోల రెండు తీగల మీదా సమానంగా పడి చెల్లిపోవడానికీ, పక్క జంట మాటలు ఈ జంటలోకి దూరకుండా ఉండటానికీ. అందుకే కొనలో పిన్ను బిగించేటప్పుడు పురిని అర అంగుళం కన్నా ఎక్కువ విప్పకూడదు. మా ఇంట్లో 94 దగ్గర ఎందుకు ఆగిందో కూడా ఇక్కడే ఉంది. 100 వేగానికి రెండు జంటలు చాలు, 1000కి నాలుగూ కావాలి. ఒక్క తీగ తెగినా, సరిగా బిగియకపోయినా చాలా పెట్టెలు నోరు మూసుకుని 100కి దిగిపోతాయి. మనం కంపెనీని తిట్టుకుంటూ ఉంటాం.

మరి ఏది కొనాలి? నా అభిప్రాయం సూటిగా చెబుతాను, కాదనేవాళ్ళు కింద రాయండి. మన ఇళ్ళకు క్యాట్ 6, పూర్తి రాగి, గట్టి తీగది, పైన రేకు చుట్టనిది. అంతే. క్యాట్ 5ఈ కూడా 1000 వేగాన్ని 100 మీటర్లు మోస్తుంది, ఇప్పటికే గోడలో అది ఉంటే పీకేయకండి. కొత్తగా వేసేవాడు మాత్రం క్యాట్ 6 వేసుకోవాలి. అది 55 మీటర్ల లోపు పరిస్థితి బాగుంటే పదివేల వేగాన్ని కూడా మోస్తుంది, మన ఇంట్లో ఏ వైరూ అంత పొడవు ఉండదు. క్యాట్ 6ఏ లావుగా, మొండిగా ఉంటుంది, మన సన్నపాటి పైపుల్లో వంపులు తిరగదు. నెట్టులో క్యాట్ 8 అంటూ రిబ్బను లాంటి బల్లపరుపు వైర్లు అమ్ముతున్నారు, గోడలో వేయడానికి అవి పనికిరావు. రేకు చుట్టిన రకానికి రెండు కొసల్లో ఎర్తు సరిగా ఉండాలి. మన ఇళ్ళల్లో ఎర్తు సంగతి నాకంటే ఈబీ వాళ్ళకే బాగా తెలుసు.

అయితే నిజం చెప్పాలంటే, ఏ వైరు అన్నదాని కంటే ఏ పైపు అన్నది పెద్ద ప్రశ్న. వైరు పదేళ్ళకో పదిహేనేళ్ళకో పాతబడుతుంది. పైపు ఇల్లున్నంత కాలం ఉంటుంది. స్లాబు సెంట్రింగు మీద కడ్డీలు కట్టాక, కాంక్రీటు పోయకముందు ఒక్క పూట ఉంటుంది. ఆ పూట మేస్త్రికీ ఎలక్ట్రీషియన్‌కీ మధ్య మీరు నిలబడాలి. వాస్తు కోసం రెండుసార్లు గోడ జరిపించిన వాళ్ళం, నెట్టు పైపు కోసం ఒక్క పూట నిలబడలేమా?

నిలబడి ఏం అడగాలంటే, ముందు ఇంటి నడిమధ్యలో ఒక చోటు, మెట్ల కింద గానీ హాలు అటక మీద గానీ. అక్కడ నెట్టు పెట్టె, దానికి ఇన్వర్టరు లైను నుంచి ఒక ప్లగ్గు. కరెంటు పోయిన మరుక్షణం తరగతి ఆగిపోకూడదు కదా. బయటి ఫైబరు రావడానికి వీధి గోడ నుంచి అక్కడికి ఒక పైపు. అక్కడి నుంచి ప్రతి గదికీ విడిగా ఒక 25 ఎంఎం పైపు. ఒక గది నుంచి ఇంకో గదికి గొలుసులా కలపొద్దు. టీవీ గోడకు రెండు వైర్లు. ప్రతి అంతస్తులో సీలింగు మధ్యకు ఒకటి, వైఫై పెట్టె కోసం. గేటు దగ్గర కెమెరాకు ఒకటి. కరెంటు పైపుతో కలవకూడదు. పక్కపక్కనే పోవాల్సి వస్తే అడుగు దూరం, దాటాల్సి వస్తే అడ్డంగా నిటారుగా దాటాలి. గోల ఒక్కటే కారణం కాదు. ఇన్సులేషన్ దెబ్బతింటే 230 వోల్టులు నెట్టు వైరులోకి దిగి పిల్లాడి ల్యాప్‌టాప్ దాకా వస్తాయి. మా ఇంట్లో అది జరగలేదంటే నా తెలివి కాదు, అదృష్టం.

మూలల్లో గట్టి ఎల్బో వాడనివ్వకండి, మెల్లగా తిరిగే బెండు పెట్టమనండి. రెండు మూడు వంపులకోసారి ఒక పెట్టె ఉండాలి, లేకపోతే స్ప్రింగు పోదు. లాగేటప్పుడు ఇద్దరు కుర్రాళ్ళు ఎగబడి గుంజితే పురి సాగిపోతుంది. పది కిలోల బరువు లాగినంత బలం దాటకూడదు. వైరుతో పాటు ఒక నైలాను తాడు కూడా పైపులో వదిలేయండి. రేపు ఇంకోటి లాగడానికి అదే పనికొస్తుంది. రెండు కొసల్లోనూ ఏ గదిదో మార్కరుతో రాయించండి. రాయకపోతే ఏమవుతుందో చెప్పనా? మా బావమరిది ఇంట్లో ఏడు వైర్లు ఒకచోటికి వస్తాయి, ఏది ఎక్కడికి పోతుందో పైనున్న దేవుడికే ఎరుక.

ఇప్పటికే కట్టేసిన ఇళ్ళ సంగతి? దాదాపు అందరిదీ అదే కదా. గోడలు పగలగొట్టమని నేను చెప్పను. ముందు చచ్చిపోయిన పైపులు వెతకండి. 1990ల తర్వాత కట్టిన చాలా ఇళ్ళల్లో ల్యాండ్‌లైను ఫోనుకు ఒక పైపు, కేబుల్ టీవీకి ఒక పైపు ఉంటాయి. ఫోను తీసేసి ఏళ్ళయింది, వైరు మాత్రం లోపలే పడుకుని ఉంటుంది. ఆ పాత వైరు కొసకు కొత్తది కట్టి అవతలి నుంచి లాగండి. నేను చెప్పిన ఆ పాప ఇంట్లో అలాగే చేశాం. కింద హాలు నుంచి రెండో మిద్దె దాకా పాత కేబుల్ టీవీ పైపు దొరికింది. ఒక్క పూటలో అయిపోయింది, గోడకు ఒక్క గీత పడలేదు. పాత పైపు కూడా లేకపోతే గోడ అంచున తెల్ల పీవీసీ పట్టీ వేసి అందులో లాగండి. చూడటానికి అంత బాగుండదని ఇంట్లో ఆడవాళ్ళు అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. నేను దానికి గోడ రంగే వేయించాను, ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు. అద్దె ఇంటివాళ్ళకు ఇదొక్కటే దారి, పోయేటప్పుడు విప్పుకుని పోవచ్చు.

ఒక హెచ్చరిక. ఇంటి నుంచి పశువుల కొట్టానికో, మగ్గాల షెడ్డుకో, పక్కింటి తమ్ముడికో రాగి వైరు బయట గాలిలో లాగకండి. ఐప్పసి నెల ఉరుముల్లో ఎక్కడో పిడుగు పడినా ఆ వైరులోకి పోటు వస్తుంది, రెండు కొసల్లోని పెట్టెలూ కాలిపోతాయి. కట్టడం నుంచి కట్టడానికి ఫైబరే వేయాలి, గాజులో కరెంటు పారదు. ఎండకూ వానకూ నిలబడే నల్ల తొడుగుది వేయండి. ఉడతలకూ కోతులకూ మాత్రం ఏ తొడుగైనా ఒకటే, వాటికి నా దగ్గర మందు లేదు.

"ఇదంతా ఎందుకు, రేపు ఇంకా మంచి వైఫై వస్తుంది కదా" అని కార్యవర్గంలో ఒకరు అన్నారు. వస్తుంది, నిజమే. వైఫై 6 వచ్చింది, 7 వచ్చింది. అవి ఇచ్చే వేగం పెద్ద వేగపు పట్టీల్లోనే, ఆ పట్టీలు గోడను ఇంకా తక్కువ దాటుతాయి. అందుకే ప్రతి అంతస్తులో ఒక పెట్టె కావాల్సి వస్తోంది, ఆ పెట్టె వెనక ఒక తీగ కావాలి. తీగ లేకుండా ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు గాలిలోనే అందించేవీ ఉన్నాయి. చిన్న ఇంటికి పర్వాలేదు. రెండు స్లాబులు దాటాల్సిన చోట మొదటి పెట్టెకే సరిగా వినబడనిది రెండో పెట్టె ఏం చెబుతుంది?

ఇక మన సంఘం హాలు. మరమ్మతుకు గోడల పాత పూత కొట్టేశారు, కొత్త పూత వచ్చే వారం. లెక్కల కాగితంలో మైకు సెట్టు ఉంది, దాతల పేర్లకు గ్రానైటు పలక ఉంది, నెట్టు పైపు లేదు. కార్యదర్శిగారిని అడిగితే "తర్వాత చూద్దాం సార్" అన్నారు. నేను 2014లో అన్న మాటే అది. పంతులుగారు ఇకమీద ఆ హాల్లో కూర్చునే తరగతి చెప్పాలని కదా మన నిర్ణయం. ఆయన ఒక్కరి దగ్గర సంకేతం తెగితే తరగతిలో పిల్లలందరికీ తెగినట్టే. వేదిక గోడకు రెండు, వెనక గోడకు ఒకటి, సీలింగుకు ఒకటి: నాలుగు పైపులు. గాడి కొట్టడం ఒక రోజు పని. డబ్బు చాలకపోతే పలక మీద నా పేరు తీసేసి ఆ మొత్తం ఇటు మళ్ళించండి, నాకు అభ్యంతరం లేదు.

ఇంకో సూచన. 305 మీటర్ల పెట్టె ఒక్క ఇంటికి ఎక్కువ. హాలుకు పోగా మిగిలింది నాలుగైదు ఇళ్ళకు వస్తుంది. కావాల్సినవాళ్ళు పేర్లివ్వండి, కలిసి కొందాం. శనివారం పొద్దున అరక్కోణం లోకల్లో నేను రిచీ స్ట్రీటుకు వెళ్తున్నాను, జేబులో చిన్న చాకు పెట్టుకుని. పిన్నులు బిగించే కటింగు ప్లయరు లాంటిది ఒకటి, తీగలు సరిగా కలిశాయో లేదో చూసే లైట్ల టెస్టరు ఒకటి సంఘం పేరున కొని హాల్లో పెడదాం. మన కుర్రాళ్ళు నలుగురు నేర్చుకుంటే చాలు. రంగుల వరస వాళ్ళకు నేను చెబుతాను: తెల్ల నారింజ, నారింజ, తెల్ల పచ్చ, నీలం, తెల్ల నీలం, పచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. రెండు కొసల్లోనూ ఇదే.

పూత మేస్త్రి బుధవారం వస్తానన్నాడు. ఎలక్ట్రీషియన్‌ను మంగళవారం పొద్దున ఎనిమిదికి రమ్మన్నాను. హాలు తాళం ఎవరి దగ్గరుందో కాస్త చెప్పండి.